15 గిగా హాప్ చాలా రోజులు తెల్లారుజామునే పడుకుంటోంది, వాన లేదు, అలారం లేదు. ఎక్కడ వెతకాలి?

కొల్లేరు_కొంగ

అందరికీ నమస్తే. నేను ట్రాన్స్‌మిషన్ ఫీల్డ్‌లో చేస్తున్నానండి, కైకలూరు ఆకివీడు వైపు కొన్ని టవర్లు నా కింద ఉన్నాయి. అందులో ఒక మైక్రోవేవ్ హాప్, అంటే రెండు టవర్ల మధ్య డిష్‌లతో నడిచే రేడియో లింక్, నెల రోజుల నుంచి నా బుర్ర తినేస్తోంది, తెలిసినవాళ్ళు కాస్త దారి చూపిస్తారని రాస్తున్నా.

వివరాలు ముందే చెప్పేస్తా, లేకపోతే అందరూ అవే అడుగుతారు. 15 గిగాహెర్ట్జ్, 13 కిలోమీటర్లు, 28 మెగాహెర్ట్జ్ ఛానల్, 1+0 (స్పేర్ రేడియో లేదు). పెద్ద సైట్ దగ్గర 1.2 మీటర్ల డిష్ 40 మీటర్ల ఎత్తులో, అవతల ఊరి సైట్‌లో 0.6 డిష్ 38 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. ప్లానింగ్ షీట్‌లో ఆర్ఎస్ఎల్ (అందే సిగ్నల్ బలం, మైనస్ పెరిగితే బలహీనం) -41 డీబీఎం, పగలు ఎప్పుడు చూసినా -41 లేదా -42, అంటే షీట్‌కి అతికినట్టు ఉంది. మధ్యలో దాదాపు అంతా చేపల చెరువులు, రొయ్యల చెరువులే. ఆ ఊరి సైట్ మీద ఇంకో 3 సైట్లు వేలాడుతున్నాయి.

డిసెంబర్ మొదలైన దగ్గర్నుంచి పొద్దున 4కీ ఏడున్నరకీ మధ్య ఆ నాలుగు సైట్ల కిందా నెట్ చచ్చిపోతోంది. రోజూ కాదు, వారంలో నాలుగైదు రోజులు. ఆ టైంలో ఎవరు వాడతారు అనుకోకండి, మా వైపు పట్టుబడి (చెరువుల్లో చేప, రొయ్య పట్టడం) జరిగేదే అప్పుడు, రైతు ఫోన్ పట్టుకుని కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత, లారీ ఎక్కడ, ఐస్ వచ్చిందా అని వాట్సాప్‌లో తిరుగుతుంటే మెసేజ్ దగ్గర గడియారం బొమ్మ అలా ఉండిపోతుంది, తర్వాత వచ్చి టవర్ దగ్గర మా టెక్నీషియన్‌ని పట్టుకుని తిడతారు. ఎన్ఓసీకి, అంటే నెట్‌వర్క్‌ని స్క్రీన్ల మీద చూసే కంట్రోల్ రూమ్‌కి, ఫోన్ చేస్తే "మా స్క్రీన్ మీద అంతా పచ్చగానే ఉంది, డైలీ యావరేజ్ -42.3, లింక్ అప్" అంటారు. నేను పది గంటలకి సైట్‌కి వెళ్తే నిజంగానే పచ్చగా ఉంటుంది.

ఇప్పటికి చేసినవి: ఐఎఫ్ కేబుల్ (కింది పెట్టెకీ డిష్ దగ్గరి రేడియోకీ మధ్య తీగ) కనెక్టర్లు విప్పి మళ్ళీ వేసి టేప్ చుట్టాం, ఊరి వైపు ఓడీయూ (డిష్ దగ్గరి రేడియో) మార్చాం, రెండు వైపులా అలైన్‌మెంట్ మళ్ళీ చేశాం. ఏమీ తేడా లేదు. మా మేనేజర్ మంచు పడుతోంది కదా దానివల్లే అంటారు, టెక్నీషియనేమో చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ మోటర్ల వల్ల ఇంటర్‌ఫియరెన్స్ అంటాడు. నాకు రెండూ నమ్మబుద్ధి కావట్లేదు, కానీ కాదు అని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఏ కౌంటర్ చూడాలి, ఎలా చూడాలి?

---

ఎన్ఓసీ_నైట్‌షిఫ్ట్

అన్నా, నేను హైదరాబాద్‌ల ఎన్ఓసీలనే కూర్చుంట, వేరే కంపెనీ అనుకో, అయినా అందరి కథ ఒక్కటే. స్క్రీన్ పచ్చగ ఉన్నదంటే లింక్ మంచిగున్నదని కాదు, ఎవరో ఎన్నడో పెట్టిన అలారం గీత ఇంకా దాటలేదని, అంతే. చానా కాడ ఆ గీత లింక్ డౌన్ అయితెనో, ఆర్ఎస్ఎల్ -80 కింద పడితెనో అని పెట్టి ఉంటది. ఏసీఎం (సిగ్నల్‌ని బట్టి వేగం తగ్గించుకునే పద్ధతి) లేని పాత రేడియోలల్ల అది సరిపోయేది, ఎందుకంటె సిగ్నల్ పోతే లింకే పోయేది. ఇప్పటి రేడియో అట్ల సావది, బాగ వేగం ఉన్న 1024 క్వామ్ నుంచి మెట్టుమెట్టుగ దిగుకుంట అన్నిటికంటె నిదానమైన క్యూపీఎస్‌కే దాంక పోతది, లింక్ అప్‌ల్నే ఉంటది. 28 మెగా ఛానల్ మీద పైన సుమారు 220 ఎంబీపీఎస్ వచ్చేది కింద 40 కాడ ఆగుతది. నాలుగు సైట్ల ట్రాఫిక్ ఆ 40ల ఇరుక్కోవాలె. మాకు పచ్చ, మీ రైతుకు గడియారం బొమ్మ.

ఆ డైలీ యావరేజ్ మాత్రం చూడకు, దండం పెడత. 24 గంటలల్ల ఇరవైన్నర గంటలు -41 ఉండి, పొద్దుగాల మూడున్నర గంటలు సగటున -50 ఉన్నా రోజు లెక్క -42.3 అనే వస్తది, చేసి చూస్కో. నువ్వు చెప్పిన నంబరే. అంటే నీ రోగం ఆ ఒకటి పాయింట్ మూడుల దాక్కున్నది.

రేడియో తనలోపలనే 15 నిమిషాలకు ఒకసారి కనిష్ఠం, గరిష్ఠం రాసిపెట్టుకుంటది. రెండు ఐడీయూలల్ల (టవర్ కింద ఉండే రేడియో పెట్టెలు) లాగిన్ అయ్యి ఆ 15 నిమిషాల మిన్ ఆర్ఎస్ఎల్, అన్నిటికంటె చెడ్డ ఎంఎస్ఈ (సిగ్నల్ ఎంత శుభ్రంగ ఉన్నదనే కొలత), ఏ మాడ్యులేషన్ల ఎన్ని సెకన్లు ఉన్నదనే కౌంటర్, ఎస్ఈఎస్, యూఏఎస్ (బాగ తప్పులొచ్చిన సెకన్లు, లింక్ అసలే పనికిరాని సెకన్లు), ఇవన్నీ ఓ వారంవి గుంజి పెట్టు. ఎన్ఎంఎస్ (మేం లింకులు చూసే సాఫ్ట్‌వేర్) 5 నిమిషాలకోసారి వచ్చి అడిగిపోయే వాల్యూ ఆ క్షణం ఫొటో అసొంటిది, నడుమ ఏమైందో దానికి తెల్వది. రెండు చివర్లవి పక్కపక్కన పెట్టు, ఒక్క చివరిది చూస్తే సగం కథే.

---

టవర్_మీద_కాకి

మాది వైజాగండి. 2014లో హుద్‌హుద్ కొట్టాక వారాల తరబడి డిష్‌లు తిప్పుకుంటూ టవర్ల మీదే బతికాం, కాబట్టి అలైన్‌మెంట్ గురించి నాలుగు ముక్కలు చెప్పనివ్వండి.

మీది అలైన్‌మెంట్ గొడవ కాదు. గాలికి డిష్ తిరిగినా, సైడ్ లోబ్ (అసలు కిరణం పక్కన ఉండే బలహీనమైన కిరణం) మీద కట్టేసినా ఆర్ఎస్ఎల్ పగలూ రాత్రీ ఒకేలా తక్కువ ఉంటుంది, పొద్దున పడి పదింటికి లేవదు. సైడ్ లోబ్ మీద కడితే షీట్ కంటే ఇరవై డీబీ దాకా తక్కువ చూపిస్తుంది, మీకు షీట్‌కి సరిగ్గా వస్తోందంటే మెయిన్ లోబ్ మీదే ఉన్నారు, ఇంక దాన్ని కదపొద్దు.

నీళ్ళు దిగడం వేరే రకం. కేబుల్‌లోనో ఫ్లెక్సిబుల్ వేవ్‌గైడ్‌లోనో (సిగ్నల్ మోసే గొట్టం) నీళ్ళుంటే వాన వెలిసాక కూడా రోజుల తరబడి ఏడుస్తుంది, ఎండెక్కితే కాస్త తేరుకుంటుంది. మీ టైమింగ్ చూసి మొదట నాకు దాని మీదే అనుమానం వచ్చింది, రాత్రి తేమ పట్టి పొద్దున ఎండకి ఆరుతోందేమోనని. కానీ కేబుల్, కనెక్టర్లు చూశారు, ఓడీయూ మార్చారు. అందుకని ఒకటే అడుగుతా, రెండు దిక్కులా పడుతోందా, ఒక దిక్కేనా? ఒక దిక్కే అయితే ఇటు పంపే ఓడీయూనో అటు వినే ఓడీయూనో అనుమానించాలి, లేదా వినేవాడి దగ్గర ఎవరిదో ఇంకో లింక్ అడ్డం పడుతోంది, అప్పుడు ఆర్ఎస్ఎల్ బాగానే ఉండి ఎంఎస్ఈ ఒక్కటే చెడుతుంది. రెండు దిక్కులా పడితే దోషం దారిలోనో డిష్‌లోనో ఉంది.

---

కొల్లేరు_కొంగ

థాంక్స్ అండి ఇద్దరికీ. నిన్న కూర్చుని వారం రోజులవి లాగాను, చూస్తే మతి పోయింది. రెండు దిక్కులా పడుతోంది. మొన్న మంగళవారం పెద్ద సైట్ వైపు 5:00 నుంచి 5:15 కిటికీలో కనిష్ఠం -78, ఊరి సైట్ వైపు అదే కిటికీలో -57 మాత్రమే, కానీ దాని తర్వాతి కిటికీ 5:15 నుంచి 5:30లో ఊరి వైపు -82కి పోయింది, అప్పటికి పెద్ద సైట్ -60కి తేరుకుంది. ఇలాంటివి వారంలో 6 దొరికాయి, అన్నిట్లో ఇదే వరస, ఒకటి ముందు రెండోది వెనక. క్యూపీఎస్‌కేలో మొత్తం గంటకి పైగా కూర్చుంది. ఎంఎస్ఈ ఆర్ఎస్ఎల్‌తో పాటే దిగి పాటే ఎక్కుతోంది, విడిగా చెడట్లేదు.

రెండు వైపులా పడుతోంది గానీ ఒకేసారి పడట్లేదు, ఇదేంటో అర్థం కాలా. దారిలో దోషం అయితే ఇద్దరికీ ఒకేసారి తగలాలి కదా?

---

పైథాన్_పిచ్చోడు

అది తేల్చేముందు ఒక చిన్న మాట, రెండు ఐడీయూల గడియారాలు ఒకటేనా? ఒకదానికి ఎన్‌టీపీ (గడియారం సరిచేసే సర్వీసు) పోయి పావుగంట వెనక నడుస్తుంటే మీరు చూసిన ముందూవెనకా అంతా ఉత్తదే. నేను ఒకసారి అలా మూడు రోజులు లేని దెయ్యాన్ని వెతికాను. ఇంకోటి, ఏటీపీసీ (పంపే పవర్‌ని రేడియో తనే సర్దుకోవడం) ఆన్‌లో ఉందా? ఉంటే ఇటు సిగ్నల్ పడగానే అటువాడు పవర్ పెంచేస్తాడు, ఆర్ఎస్ఎల్ మీకు అసలు పడినంత చూపించదు, అప్పుడు టీఎక్స్ (పంపే) పవర్ కూడా కలిపి లాగ్ చేయాలి. రోజంతా వద్దు, 3:30 నుంచి 8 వరకు సెకనుకోసారి ఎస్ఎన్ఎంపీతో (పరికరాలని నెట్‌వర్క్ మీంచి అడిగే పద్ధతి) రెండు చివర్లూ అడిగి ఫైల్‌లో రాసుకుంటే చాలు, ముప్పై లైన్ల స్క్రిప్ట్. పోలింగ్ ట్రాఫిక్ అదే లింక్ మీద వెళ్తుంది కాబట్టి ఊరి వైపు జవాబు రాకపోతే దాన్ని సున్నా అని రాయకండి, ఖాళీగా వదిలేయండి.

---

గల్ఫ్_గోదారోడు

మాది భీమవరం, పన్నెండేళ్ళుగా గల్ఫ్‌లో ఇదే పని. తమ్ముడూ నీ పోస్ట్ చదువుతుంటే మా సముద్రం పక్క లింకులే గుర్తొచ్చాయి, ఇక్కడ ఎండాకాలం గాలిలో డక్ట్ (సిగ్నల్‌ని బంధించే గాలి పొర) కట్టి రాత్రిళ్ళు మాకు చుక్కలు చూపిస్తుంది. కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టు.

ముందు మంచు సంగతి. మీ మేనేజర్ చెప్పింది తప్పే గానీ పూర్తిగా తప్పు కాదు. మంచు బిందువులు మరీ సన్నం, 15 గిగా దగ్గర 13 కిలోమీటర్లకి కూడా అది తినేది లెక్కలోకి రాదు. కానీ మంచు ఎప్పుడు పడుతుంది? గాలి కదలకుండా, నేల రాత్రంతా చల్లారి, కింద చల్లగాలి పైన వెచ్చగాలి పొరలుగా పేరుకున్నప్పుడు. ఆ పొరలే మీ లింకుని వంచుతున్నాయి. పొరలూ మంచూ ఒకే తల్లి పిల్లలు, అందుకే ఎప్పుడు చూసినా కలిసి కనపడతాయి. ఎండెక్కి గాలి కలియబడగానే రెండూ పోతాయి, నీ ఏడున్నర లెక్క అదే.

వాన అయితే కథ వేరు. గంటకి 50 మిల్లీమీటర్ల వానలో 15 గిగా దగ్గర కిలోమీటరుకి సుమారు 3 నుంచి మూడున్నర డీబీ పోతుంది, హారిజాంటల్ పోలరైజేషన్‌కి (అడ్డంగా ఊగే తరంగం) కాస్త ఎక్కువ ఎందుకంటే చినుకు పడేటప్పుడు అప్పంలా చదునవుతుంది. అది రెండు దిక్కులకీ ఒకే నిమిషంలో, దాదాపు ఒకే లోతుకి తగులుతుంది. నీకు అలా తగలట్లేదు. నీ లింక్ విషయంలో అన్నిటికంటే విలువైన ఆధారం అదే, దాన్నే నువ్వు అర్థం కాలేదంటున్నావు.

ఇప్పుడు చెరువులు. పొద్దున్నే గాలి లేనప్పుడు చేపల చెరువు నీళ్ళు అద్దంలా ఉంటాయి. నీ డిష్ నుంచి ఒక కిరణం నేరుగా పోతుంది, ఇంకోటి కిందకి దిగి నీళ్ళ మీద తగిలి అవతలికి లేస్తుంది. ఎత్తులు 38, 40, దూరం 13 వేల మీటర్లు, రెండెత్తులనీ గుణించి రెండింతలు చేసి దూరంతో భాగించు, భూమి ఒంపు కాస్త తీసేస్తే 20 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. పరావర్తనం అయి వచ్చిన కిరణం అంత ఎక్కువ నడిచి వస్తోందన్నమాట. నీ తరంగం పొడుగే 2 సెంటీమీటర్లు. అంటే పది పదకొండు తరంగాల తేడా, అందులో ఒక సెంటీమీటర్ అటూఇటూ అయితే చాలు, రెండు కిరణాలు కలిసి పెరగాల్సింది పోయి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. గాలి పొరలు మారేకొద్దీ ఆ సెంటీమీటర్ మారుతూనే ఉంటుంది. దానికి తోడు పొరల వల్ల నేరుగా వచ్చే కిరణం పలచబడుతుంది, అప్పుడు రెండూ సమానం అయిపోయి గొయ్యి నలభై డీబీ లోతుకి కూడా పోతుంది. మామూలు రోజున నేరు కిరణం బలంగా ఉంటుంది, నీళ్ళు కూడా గాలికి కదులుతుంటాయి కాబట్టి నీకు ఏమీ తెలియదు.

ఒకేసారి ఎందుకు పడట్లేదంటే పోయే ఫ్రీక్వెన్సీ వచ్చే ఫ్రీక్వెన్సీ ఒకటి కాదు కదా. 15 గిగా బ్యాండ్‌లో రెండిటి మధ్యా 400 మెగాహెర్ట్జ్‌కి పైగా ఎడం ఉంటుంది. ఆ 20 సెంటీమీటర్లు నడవడానికి పట్టే 0.7 నానోసెకన్‌ని ఈ ఎడంతో గుణిస్తే ఫేజ్‌లో (తరంగం ఊగే దశ) దగ్గర దగ్గర మూడోవంతు చుట్టు తేడా వస్తుంది. ఇటువాడు గోతిలో ఉన్నప్పుడు అటువాడు గట్టు మీద ఉంటాడు, పొరలు ఇంకాస్త కదిలాక అటువాడి వంతు. గడియారాలు సరిగ్గా ఉన్నాయని తేల్చుకో, ఉంటే ఇంక ఓడీయూలు మార్చడం ఆపెయ్, ఆ డబ్బులతో టీ తాగు.

ఏరియేటర్ల మీద అభాండం వేయొద్దు. మోటర్ రొద 15 గిగా దాకా ఎక్కదు. పైగా అవి తిరిగే చెరువులో నీళ్ళు చెదిరి అద్దం పగులుతుంది, అంటే నీకు మేలే చేస్తున్నాయి.

మందు రెండు రకాలు. ఖరీదైనది స్పేస్ డైవర్సిటీ, ఒక వైపు ఇంకో డిష్ పెట్టి రెండిట్లో బాగున్నదాన్ని తీసుకోవడం. నీ లెక్కలకి రెండు డిష్‌ల మధ్య 1.8 మీటర్ల దగ్గర ఎడం ఉంటే ఒకటి గోతిలో పడ్డప్పుడు రెండోది గట్టు మీద ఉంటుంది. ఉన్న డిష్‌నే 1.8 మీటర్లు దించితే సరిపోదా అని అడగొద్దు, సరిపోదు, గొయ్యి అయిదింటికి కాకుండా ఆరింటికి వస్తుంది. చవకది ఇంకోటుంది గానీ ముందు ఒకటి చెప్పు, ఊరి టవర్‌కీ చెరువులకీ మధ్య చెట్లు గానీ ఇళ్ళు గానీ ఉన్నాయా, ఎంత దూరంలో, ఎంత ఎత్తు?

---

కొల్లేరు_కొంగ

గురువుగారూ మీకు దండం. గడియారాలు చూశా, 3 సెకన్ల తేడా ఉంది అంతే. ఏటీపీసీ ఆఫ్. పైథాన్ అన్న చెప్పినట్టు రెండు పొద్దులు సెకనుకోసారి లాగ్ చేశా, గొయ్యి ఒక్కసారిగా పడట్లేదు, నాలుగైదు నిమిషాలు నెమ్మదిగా జారి అడుగున నిమిషం లోపే ఉండి మళ్ళీ ఎక్కుతోంది, రెండో వైపుది 12 నిమిషాల తర్వాత అచ్చం అదే ఆకారంలో వస్తోంది. గ్రాఫ్ మేనేజర్‌కి చూపిస్తే కాసేపు చూసి మంచు మాట ఎత్తలేదు.

చెట్లంటే, ఊరి టవర్ నుంచి రెండున్నర కిలోమీటర్ల దగ్గర లింక్ దారికి అడ్డంగా పెద్ద కొబ్బరితోట ఉంది, చెట్లు 15 మీటర్లు ఉంటాయి. దాని అవతల నుంచి చెరువులు మొదలు.

---

గల్ఫ్_గోదారోడు

బంగారం దొరికింది పో. ఇప్పుడు 38 మీటర్ల నుంచి నీళ్ళ వైపు దిగే కిరణం ఆ తోట దగ్గరికి వచ్చేసరికి ఇంకా 22, 23 మీటర్ల ఎత్తులో ఉంది, చెట్ల మీంచి దాటిపోతోంది. అదే డిష్‌ని 24 మీటర్లకి దించావనుకో, నీళ్ళకి తగిలే చోటు కూడా ఊరి వైపుకి జరిగి 5 కిలోమీటర్ల లోపే వస్తుంది, ఆ కిరణం తోట దగ్గర 12 మీటర్లలో ఉంటుంది, 15 మీటర్ల కొబ్బరిచెట్లు దాన్ని మింగేస్తాయి. నేరు కిరణం మాత్రం అక్కడ భూమి ఒంపు పోనూ 25 మీటర్ల పైనే ఉంటుంది, ఫ్రెనెల్ జోన్‌లో (కిరణం చుట్టూ ఖాళీగా ఉండాల్సిన జాగా) అరవై శాతానికి 4 మీటర్లు కావాలి, నీకు 10 ఉంది. మిగతా దారిలో కూడా చెట్లూ కొత్త బిల్డింగులూ ఏమన్నా ఉన్నాయేమో మనిషిని పంపి చూపించుకో, షీట్‌ని నమ్మకు. డిష్ ఎప్పుడూ పైనే ఉండాలి అని మనవాళ్ళకి ఒక పిచ్చి, నీళ్ళ మీద లింకులకి అది తిరగబడుతుంది.

---

ఎన్ఓసీ_నైట్‌షిఫ్ట్

ఇదంత చదివి మా షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కి చూపెట్టిన. ఇప్పుడు మేం గీత మార్చినం, -80 అని కాదు, ఏ లింక్‌కి ఆ లింక్ షీట్ వాల్యూ కంటె 15 నిమిషాల మిన్ 10 డీబీ కింద ఉంటే పసుపు, వారంల మూడు రోజులు అదే టైంకి వస్తే టికెట్. మొదటి రాత్రే 40 పైన పసుపులొచ్చినయ్, సగం మా దగ్గర ఎప్పటినుంచో అట్లనే ఉన్నయంట, ఎవ్వడు చూడలే. ఈ-బ్యాండ్ లింకులకు మాత్రం వేరే గీత పెట్టాలె, 80 గిగా కాడ గట్టి వాన పడితే కిలోమీటరుకు 15 డీబీకి మించి పోతది, 10 డీబీ అని పెడితే జులైల మాకు నిద్ర ఉండది.

---

కొల్లేరు_కొంగ

అప్‌డేట్. స్పేస్ డైవర్సిటీ అనగానే కొత్త డిష్, కొత్త ఓడీయూ, టవర్ అద్దె అని పైవాళ్ళు గుండె పట్టుకున్నారు, దించడానికి మాత్రం వెంటనే ఒప్పుకున్నారు. సంక్రాంతి అయ్యాక రిగ్గర్లు (టవర్ ఎక్కి పని చేసేవాళ్ళు) వచ్చి ఊరి డిష్‌ని 24 మీటర్లకి దించారు. పగలు ఆర్ఎస్ఎల్ అదే -41. 9 పొద్దులు చూశా, మంచు దట్టంగా ఉన్న రోజుల్లో కూడా కనిష్ఠం -55 దాటలేదు, ఒక్క రోజు మాత్రం -59, అప్పుడు కూడా ఒక మెట్టే దిగింది. క్యూపీఎస్‌కే సెకన్లు సున్నా. టెక్నీషియన్ని నాలుగు రోజుల్నుంచి ఎవరూ తిట్టలేదట, వాడికి బెంగగా ఉందంటున్నాడు.

---

టవర్_మీద_కాకి

బాగుంది గానీ నాకో అనుమానం. మొత్తం ఆ కొబ్బరితోట మీద ఆధారపడ్డారు కదా, మీ వైపు తోటలూ వరిచేలూ అన్నీ చెరువులు తవ్వేస్తున్నారు, రేపు దాన్నీ కొట్టేస్తే?

---

కొల్లేరు_కొంగ

అదే భయం నాకూ వేసి మొన్న ఆదివారం తోట రైతు దగ్గరికి వెళ్ళి మాటల్లో పెట్టా. మా టవర్ సంగతి ఏమీ చెప్పలేదు. "కాయకి రేటు లేదు బాబూ, పక్కోళ్ళు లీజుకి అడుగుతున్నారు, ఈ వేసవిలో ఆలోచిద్దాం అనుకుంటున్నాం" అన్నాడు. డైవర్సిటీ ఫైల్ మళ్ళీ పైకి పంపించా.